నన్నయ్యా, అన్నానికి రా: సటీక

మూలం:
“ఒరే నన్నయ్యా! అన్నయ్యని లేపు. నాన్నని పిలు. అన్నం చల్లారిపోతోంది.”

అవతారిక: కోనసీమలో అంబాజీపేట దగ్గర నందంపూడిలో ఒక ఇల్లాలు వంటింటి గడపలో నిలబడి, చేతిలో గరిటె ఉండగా, చిన్నకొడుకును పిలిచిన పిలుపు ఇది. ఇల్లాలు కల్పితం. ఊరు మాత్రం శాసనాల్లోకెక్కినది. 1053లో వేంగి చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు ఈ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనం రాసిపెట్టినవాడు నన్నయభట్టు. భారతం తెలుగు చేస్తుంటే తోడుగా నిలిచిన స్నేహితుడికి ఊరు దక్కింది, ఆ దస్తావేజు రాసే పని కవిగారికి దక్కింది.

టీక: ఒరే = చనువుకూ కోపానికీ కూడా చెల్లే సంబోధన; ఇక్కడ ఏదన్నది గరిటె ఎత్తును బట్టి గ్రహించాలి.

నన్నయ్యా = నన్నయ అనే పేరుగలవాడా. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కాస్త చతికిలబడక తప్పదు. చివరనున్న ‘అయ’ మన అయ్యే. పోతన్న పోతన అయినట్టే నన్నయ్య నన్నయ అయ్యాడు. చిక్కంతా ముందున్న ‘నన్న’తోనే. పాత కన్నడంలో ‘నన్ని’ అంటే సత్యం. పదో శతాబ్దపు గంగరాజు రెండో బూతుగుడికి ‘నన్నియ గంగ’ అని బిరుదు. కుమారసంభవం రాసిన నన్నెచోడుడి పేరులోనూ ఆ వాసనే తగులుతుంది. వేంగిని ఏలిన చాళుక్యులు కన్నడదేశం నుంచి వచ్చినవాళ్ళే కనక, ఆ మాట గోదావరి దాకా రావడంలో వింత లేదు. ఈ అన్వయం ఒప్పుకుంటే నన్నయ అంటే సత్తెయ్య. పేరు పాతబడింది గాని అర్థానికి ఢోకా లేదు: అన్నవరం సత్యదేవుడి పుణ్యమా అని ఈ జిల్లాల్లో వీధికో సత్తిబాబు ఉన్నాడు.

అన్నయ్యని, నాన్నని, అన్నం = స్పష్టం.

అలంకారం: నకారం మీద నకారం పడి వృత్త్యనుప్రాస. ఆదికవికి అక్షరరమ్యత ప్రాణమని విమర్శకులంటారు. ఈ తల్లి దాన్ని పొయ్యి ముందు ఉచితంగా సాధించింది.

శంక: ఇంత గొప్ప పేరు ఎవరూ పెట్టుకోరేం? రాజమండ్రిలో 2006లో పెట్టిన విశ్వవిద్యాలయానికి ఆదికవి నన్నయ పేరుంది. అక్కడి హాజరుపట్టీలో ఆ పేరు పలికించాలంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది.

సమాధానం: కవిత్రయంలో ఎర్రన ఒక్కడే ఎర్రయ్యగా పల్లెల్లో బతికి బట్టకట్టాడు. తిక్కన పేరు పెడితే బడిలో మొదటిరోజే ‘తిక్క’ దగ్గర ఆగిపోతారు. నన్నయ కష్టం వేరు: పిలిస్తే నాన్న, అన్నయ్య ఇద్దరూ పలుకుతారు. ఇటలీవాళ్ళు తమ మహాకవి డాంటేని ముద్దుపేరుతోనే జగత్ప్రసిద్ధుణ్ణి చేశారు. అసలు పేరు దురాంతే అట. మనవాళ్ళు అసలు పేరునే విగ్రహం కింద చెక్కి, పిల్లాడికి వేరేది వెతుక్కుంటారు.

పాఠాంతరం: ఆధార్‌లో ‘నాన్నయ’. రేషన్ కార్డులో ‘నానయ్య’. మీసేవలో కూర్చున్న కుర్రాణ్ణి అడిగితే, ఇంగ్లీషులో కొడితే అలాగే వస్తుందండి, ఆయ్, అన్నాడు. లేఖకదోషమని వ్యాఖ్యాత మతం.

తాత్పర్యం: ఓ సత్తిబాబూ, నీ అన్నను నిద్రలేపి, నీ తండ్రిని కేకేసి, వేడి తగ్గకముందే భోజనానికి రమ్ము. పులస పులుసైతే ఇంతమందిని ఇన్నిసార్లు పిలవక్కరలేదు గనక, ఆ పూట వండినది బీరకాయ అని ధ్వని.