టోర్నడో అన్న

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగువాళ్లున్న ఏ కాలనీకి వెళ్లినా ఒక టోర్నడో అన్న తగులుతాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, వ్యసనం వాతావరణం. ఫోన్‌లో బ్యాంకు యాప్ ఒకటే ఉంటుంది, రాడార్ యాప్‌లు మాత్రం మూడు. ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్లు పరీక్షిస్తారు కదా, ఆ నిమిషానికి ఆయన వాకిట్లో నిలబడి వాచీ చూసుకుంటూ ఉంటాడు. 2019 అక్టోబరు 20 రాత్రి డాలస్ నగరం మీదుగా నిజంగానే ఈఎఫ్-3 సుడిగాలి వెళ్లింది. అన్న ఆ రోజు ఆఫీసు పనిమీద కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఇన్నేళ్లయినా ఆ దుఃఖం తీరలేదు.

ఏప్రిల్, మే నెలల్లో ఆయన మిమ్మల్ని భోజనానికి పిలిచాడంటే మీకు 'ట్విస్టర్' చూపించబోతున్నాడని అర్థం. సుడిగాలుల వెంటపడే ఒక గుంపు కథ, 1996లో యాన్ ద బాంట్ తీసినది. "సినిమా పరమ చెత్త" అని మెట్లెక్కుతూనే చెప్పేస్తాడు. మరి అన్నిసార్లు ఎందుకు చూస్తావన్నా అని ఎవరూ అడగరు. బిర్యానీ ఇంకా దమ్ మీదే ఉంటుంది.

మేడమీది మీడియా రూమ్‌లో రిక్లైనర్ల మీద అందరూ వాలగానే రిమోట్ ఆయన చేతిలోకి వెళ్లిపోతుంది. ఇక సినిమా నడవదు, ఆగుతుంది. తెరమీద ఒకడు దూరం నుంచే గాలిని చూసి ఇది ఎఫ్ ఇంత అనగానే టక్కున ఆపుతాడు. "ఫుజిటాగారు 1971లో ఆ కొలబద్ద పెట్టింది గాలి వెళ్లిపోయాక పడిన గోడలు చూసి లెక్కగట్టడానికి! నడిచే మనిషికి పోస్ట్‌మార్టం చేస్తారా ఎవరైనా?" ఇంకాస్త నడిచాక మళ్లీ ఆపుతాడు. ఆ గర్జనలో ఒంటె మూలుగుందని, దాన్నే నెమ్మది చేసి కలిపారని చెబుతాడు. ఇదొక్కటి చాలా అన్యాయం. అది విన్నాక మీకు జన్మలో సుడిగాలి వినిపించదు, ఒంటే వినిపిస్తుంది.

సుడిగాలిలో ఆవు ఎగిరే చోట మాత్రం కాస్త ఉదారంగా ఉంటాడు. "ఎగరడం వరకూ ఒప్పుకుంటాను. అంత నిమ్మళంగా అరుచుకుంటూ ప్రదక్షిణం చెయ్యడం దగ్గరే నా అభ్యంతరం." సినిమాలో సుడిగాలి పొట్టలోకి పంపే డోరతీ పీపా వచ్చినప్పుడైతే ఆయన మొహం వెలిగిపోతుంది. 1980లలో శాస్త్రజ్ఞులు అచ్చం ఇలాంటి పీపాకే టోటో అని పేరు పెట్టి ఓక్లహోమా రోడ్లమీద తిప్పారు. దాన్ని సరిగ్గా గాలి దారిలో దింపి రావడం వాళ్ల వల్ల కాలేదు, చివరికి వదిలేశారు. టోటో అంటే 'ది విజర్డ్ ఆఫ్ ఆజ్'లో కుక్కపిల్ల, డోరతీ దాని యజమానురాలు. "కుక్కపిల్లకి ప్రమోషన్ ఇచ్చి అమ్మాయిని చేశారు!" అని పడీపడీ నవ్వుతాడు. ఈ జోకు ఆయన సొంతం, గౌరవించాలి.

అదే గదిలో, అదే తెరమీద, పాలకొల్లు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన ఆయన అత్తగారు వేరే సినిమా చూస్తూ ఉంటారు. ఆవిడకి గాలి సంగతి అక్కర్లేదు. కథానాయకుడు విడాకుల కాగితాల మీద పెళ్లాం సంతకం కోసం వస్తూ, చేసుకోబోయే పిల్లని కూడా వెంటబెట్టుకొస్తాడు. "ఇదేం తెలివమ్మా" అని అక్కడే ఆవిడ తీర్పు అయిపోయింది. ఆ రెండో పిల్ల మెలిసా ఎవరినీ పల్లెత్తు మాటనకుండా తప్పుకుంటే, "ఆ గుంపులో బుర్రున్నది ఇదొక్కత్తే, వదిలించుకున్నారు" అంటారు. విమర్శకులు ఎంత రాసినా ఇంతకన్నా చెప్పిందేముంది?

నా మటుకు నాకు ఆ సినిమా పండిందనే అనిపిస్తుంది. కథ అరచేతి మందం. గాలే శత్రువైన సినిమాలో నల్ల కార్లేసుకుని ఒక విలన్ తిరగడం మరీ దండగ. పాపం వాడి నేరమల్లా స్పాన్సర్లు దొరకడమే. కానీ వకీటా ఊళ్లో మెగ్ అత్త ఇంట్లో ఆ గుంపంతా ఎగబడి తినే సన్నివేశం ఉంది చూడండి, గుడ్లూ మాంసమూ గ్రేవీ, ఒకరి పళ్లెంలో ఒకరి చెయ్యి. కాసేపటికి గాలి వెళ్లి పడేది ఆ ఇంటిమీదే. మనం భోంచేసిన ఇల్లది. అక్కడ అన్న రిమోట్ నొక్కగా నేనెప్పుడూ చూడలేదు.

2024లో వచ్చిన 'ట్విస్టర్స్' సంగతి అడక్కండి. అందులో గాలి ఇంకా బాగుంది. మనుషులైతే బురదలో పడి లేచినా మరీ బాగున్నారు. డైపర్లలో వాడే పొడిలాంటిది చల్లి సుడిగాలి తడి పీల్చేస్తారట. అన్న కాగితం తీసి, కాస్ట్‌కోలో ఎన్ని డబ్బాలు కొనాలో లెక్కవేసి, ఆ బిల్లుకి రెండో ఇల్లు వస్తుందని తేల్చాడు. ఎయిర్‌పోర్టు దాకా వచ్చి కూడా హీరో హీరోయిన్లు ముద్దు పెట్టుకోలేదని పిల్లలు గొణిగారు. అత్తగారు మాత్రం మనవల ముందు గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నారు.

మొన్న మేలో 'ట్విస్టర్' ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి నిజం సైరనే మోగింది. ఈ ప్రాంతపు బంకమట్టిలో ఇళ్లకి నేలమాళిగలు అరుదు. కింది అంతస్తులో కిటికీల్లేని గదే దిక్కు. తెలుగిళ్లలో అది మెట్లకింద గది. బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, వినాయక చవితి సామాను, వాటి మధ్య తొమ్మిదిమందిమి సర్దుకున్నాం. లెక్కపెడితే ఒకరు తక్కువ. అన్న వాకిట్లో ఉన్నాడు, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

"ఏవండీ, మీరొస్తారా, నన్ను తలుపేసుకోమంటారా?" అని వదిన కేకేసింది. వడగళ్లు నెత్తిన నాలుగు పడ్డాక ఆయనే వచ్చాడు. ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, రొటేషన్ మనకి ఉత్తరంగా పోతోందని ఇరవై నిమిషాలు రన్నింగ్ కామెంటరీ చెప్పాడు. గాలి నిజంగానే ఉత్తరంగా పోయింది. ఆయన గొంతులో కాస్త నిరాశ వినబడిందని వదిన ఇప్పటికీ అంటుంది.

మళ్లీ మేడెక్కాం. హీరో హీరోయిన్లు తోలు పట్టీలతో గొట్టాలకి కట్టుకుంటే సుడిగాలి నెత్తిమీంచి వెళ్లిపోయింది, ఇద్దరికీ పెద్దగా దెబ్బల్లేవు. అన్న ఆపాడు, గొంతు సవరించుకున్నాడు. చంపేది గాలి కాదని, గాలిలో దూసుకొచ్చే చెక్కా రేకూనని మొదలుపెట్టబోయాడు.

"అల్లుడుగారూ, ఆ బెల్టు ఏ కంపెనీదో కాస్త కనుక్కుందురూ," అన్నారు అత్తగారు. "వెళ్లేటప్పుడు మీ మావయ్యగారికి ఒకటి పట్టుకెళ్తాను."