ఉమ్మనీటి కొలతల విషయమై తెనాలికి లేఖ

మహారాజశ్రీ నాన్నగారికి, అమ్మకు లెస్టర్ నుంచి కుమారుడి నమస్కారాలు.

"పద్మ నీళ్లు ఎక్కువ తాగబట్టే ఉమ్మనీరు పెరిగిందా?" అన్న అమ్మ ప్రశ్నకు సమాధానం, కాదు. గర్భం సగం గడిచాక ఉమ్మనీటిలో అధికభాగం శిశువు మూత్రమే. శిశువు దాన్ని మింగుతూ, మళ్లీ విసర్జిస్తూ ఉంటుంది గనుక ఆ రాకపోకల్లో తేడా వస్తే నీరు పెరుగుతుంది, దీన్నే వైద్యులు పాలీహైడ్రామ్నియోస్ అంటారు. అందువల్ల చీకటి పడ్డాక మంచినీళ్లు ముట్టవద్దన్న అమ్మ ఆజ్ఞను అక్క తరఫున తమ్ముడు సవినయంగా తోసిపుచ్చాడు.

డాక్టరుండగా మంత్రసాని చూడటమేమిటన్నది నాన్నగారి అభ్యంతరం గనుక ఈ దేశపు పద్ధతిని వివరించవలసి ఉంది. ఇంగ్లండులో 1902 నాటి చట్టం మొదలుకొని మిడ్‌వైఫ్ పేరు రిజిస్టరుకెక్కవలసిందే. ఇప్పుడైతే ఆమె డిగ్రీ చదివి వస్తుంది, అంతా సాఫీగా సాగినంతకాలం పెత్తనం ఆమెదే, తేడా కనిపిస్తే పెద్ద డాక్టరుకు పంపుతుంది. ఆమె ప్రధానాయుధం టేపు. 24వ వారం దాటాక పొత్తికడుపు కింది ఎముక పైఅంచు నుంచి గర్భాశయపు పైకొన వరకు కొలిస్తే వచ్చే సెంటీమీటర్లు ఇంచుమించుగా వారాల సంఖ్యకు సరిపోవాలి. 32వ వారంలో పద్మక్కకు 37 వచ్చినందువల్లనే స్కానింగు రాశారు. అక్కడ పొట్టను నాలుగు భాగాలుగా ఊహించి, ఒక్కొక్క భాగంలో బొడ్డుతాడు గానీ బిడ్డ కాళ్లూచేతులూ గానీ అడ్డురాని లోతైన నీటి మడుగును నిలువునా కొలిచి, నాలుగింటినీ కూడుతారు. నీటిని లీటర్లలో చెప్పకుండా సెంటీమీటర్లలో చెప్పడమేమిటన్న సందేహం, నాగార్జునసాగర్ నీటిమట్టాన్ని రోజూ అడుగుల్లో చదివే నాన్నగారికి రాకూడనిది. మొత్తం 25 దాటితే ఎక్కువ కింద లెక్క. పద్మక్కకు 27, అంటే స్వల్పమే, ఇంతమాత్రానికి చాలామందిలో కారణమే దొరకదు.

పద్మక్క షుగరు 5.1 అని విని నాన్నగారు కంగారుపడనక్కరలేదు. ఇక్కడి అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది, అది 92. సున్నుండలు అందాయి, సగం బావగారికే సరిపోయాయి. కాన్పుకు పంతులుగారు పెట్టిన ముహూర్తాన్ని బిడ్డకు తెలియజేయడమైనది, జవాబు రావలసి ఉంది.

అయితే ఉమ్మనీరు పెరిగిందన్న అమ్మ భయం పూర్తిగా నిరాధారం కాదు. నీరు ఎక్కువైన చోట బిడ్డ తల కిందికి కుదురుకోకముందే ఉమ్మనీటి సంచి పగిలితే బొడ్డుతాడు ముందుగా జారే ప్రమాదముంది. తాడు బయటికి కనిపించినా, తగిలినా వెంటనే 999కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా మోకాళ్లూ మోచేతులూ ఆనించి వంగి ఉండాలని మిడ్‌వైఫ్ చెప్పింది. అందుకే బావగారికి నైట్ డ్యూటీ పడ్డప్పుడల్లా తమ్ముడు అక్క ఇంటి హాల్లోనే పడుకుంటున్నాడు. ఆయాసంతో నిద్రపట్టని అక్క అర్ధరాత్రి లేచి కూర్చుని అమ్మ కలిపే పెరుగన్నం గురించి మాట్లాడుతుంది. తమ్ముడు కలిపినది తింటుంది గానీ మెచ్చుకోదు.

పొట్ట ఎంత పెరిగిందని పద్మక్కను ఇకపై ఫోనులో అడగవద్దని మనవి. స్కానింగైన సాయంత్రానికల్లా ఆ కొలత నేరుగా నాన్నగారికే చేరుతుంది, సెంటీమీటర్లలోనే.