రెటినాయిడ్ మొదలెట్టారా? ఆత్రగాళ్లకు ఎనిమిది సూత్రాలు

మొటిమలకు డాక్టరమ్మ చీటీ మీద ట్రెటినోయిన్ అనే రెటినాయిడ్ మందు 0.025 శాతం రాసి, "రాత్రిపూట, మొదట్లో వారానికి రెండు మూడు సార్లే" అన్నారా? ఆవిడకు తీరిక ఎక్కువ. మీకేమో వచ్చే ఆదివారం మేనమామ కూతురి పెళ్లి. ఆలస్యం అమృతం విషం. కాబట్టి రోజూ రాయండి, వీలైతే రెండు పూటలా.

1. మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలంటారు. మనం ఆవకాయే అంత పిసినారిగా వేసుకోం! దోసె మీద వెన్న పూసినట్టు పూయండి. ముక్కు పక్కల, పెదవుల మూలల, కళ్ల కింద ఇంకాస్త దట్టించండి. అక్కడ చర్మం పలచన, తొందరగా మండుతుంది.

2. కడుక్కున్న మొహాన్ని ఇరవై నిమిషాలు ఆరనివ్వమంటారు. తడి మీద రాస్తే మందు ఎక్కువ దిగి మంట పుడుతుందట. దిగడానికే కదా డబ్బు పోసి కొన్నది!

3. పాత అలవాట్లు మానకండి. స్క్రబ్బు, గ్లైకాలిక్ యాసిడ్ సీరమ్, నిమ్మరసం కలిపిన సున్నిపిండి, అన్నీ ఒకే రోజు కానివ్వండి. పార్లర్లో పై పెదవికి వాక్సింగ్ కూడా చేయించండి. వెంట్రుకలతో పాటు తోలూ ఊడొస్తే ఒకే ఖర్చుతో రెండు పనులు.

4. మాయిశ్చరైజర్ ముందొక పొర, మందు తర్వాత ఇంకో పొర రాస్తే మంట తగ్గుతుందంటారు. మంటే లేకపోతే మందు రాసినట్టు మనకెలా తెలుస్తుంది?

5. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, గొడుగు అంటూ భయపెడతారు. మీరు మే నెల బెజవాడ ఎండలో బండి మీద తిరగండి. వాచిన చర్మం మీద ఎండ పడితే నల్లమచ్చలు తేలతాయి. మొటిమలు పోయాక అద్దంలో చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా!

6. మొదటి వారాల్లో మొటిమలు పెరిగితే, లోపల ముందే తయారైనవి బయటపడుతున్నాయని, సర్దుకుంటాయని చెబుతారు. నమ్మకండి. డాక్టరమ్మకు ఫోన్ చేయడం నామోషీ. మందుల షాపు కుర్రాణ్ణి "తెల్లబడే క్రీము" అడగండి. అందులో స్టెరాయిడ్ ఉంటే నాలుగు రోజుల్లో నునుపు. వాడగా వాడగా చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మానితే భగ్గుమంటుంది. అది పెళ్లయ్యాక సంగతి.

7. గర్భం ఉందా, ప్లాన్ చేస్తున్నారా అని డాక్టరమ్మ అడుగుతారు. మొహానికి రాసేదానికీ కడుపుకీ ఏం సంబంధమని నోరు మెదపకండి. ఆ మందు గర్భిణులు వాడకూడదట, కానీ మీరు చెబితేనే గదా ఆవిడ మార్చేది!

8. ఫలితం తెలియడానికి పన్నెండు వారాలు పడుతుందట. అమెరికాలో 1971లో మొటిమలకు అనుమతి దొరికిన మందు, ఇన్నేళ్లయినా తొందర నేర్చుకోలేదు. ఐదో వారంలో ఆపేసి, "ఇది నాకు పడలేదు" అని ఊరంతా చెప్పండి.

ఆ తర్వాత ఫీజు మళ్లీ కట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. ఆవిడ మీ మొహం చూసి, చర్మం మానేదాకా మాయిశ్చరైజర్ తప్ప ఏదీ ముట్టుకోవద్దంటారు. మానాక అదే మందు, అదే బఠాణీ గింజ, అదే "వారానికి రెండు మూడు సార్లే". ఆవిడకు ఎంత తీరికో చూశారా!