మీటరు పెట్టెలో కాపురం

మా ఇంటి కరెంటు మీటరు ఇప్పుడు మా చేతుల్లో లేదు. వరండా గోడకున్న రేకు పెట్టెలో, అంకెలు కనిపించే అద్దానికి జానెడు పైన కందిరీగలు పట్టు పెట్టాయి. ఎండాకాలంలో గోలీకాయంత ఉండేది, తొలకరి దాటేసరికి అరచెయ్యంత అయింది. మొన్న రీడింగు తీసే అబ్బాయి వచ్చాడు. పెట్టె తలుపు బెత్తెడు తెరిచి, పరాయివాళ్ళ పడగ్గదిలోకి తొంగి చూసినట్టు చటుక్కున మూసేసి, "ముందు వాటితో మాట్లాడి పెట్టండి సార్" అన్నాడు. బిల్లు మీద 'డోర్ లాక్' అని కొట్టి, సగటు లెక్క వేసి, ఆ కాయితం నా చేతికే ఇచ్చాడు. ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నేను గడపలోనే నిలబడి ఉన్నాను. అయినా రికార్డుల ప్రకారం మా ఇంటికి తాళం.

పట్టు తీసేయాలని కాలనీలో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. తీసే మనిషి దగ్గరే ఏకగ్రీవం చెడింది. సలహాలకు మాత్రం కొరత లేదు. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు, రాత్రి కర్రకి గుడ్డ చుట్టి కిరసనాయిల్లో ముంచి అంటించమన్నారు. పక్కింటి పిన్నిగారు, అంత హింస ఎందుకు నాయనా, మొక్కలకి నీళ్ళు పట్టే పైపు ఫోర్సుగా పెట్టమన్నారు. ఒకరు నిప్పు, ఒకరు నీళ్ళు, చోటు మాత్రం కరెంటు మీటరు పెట్టె. ఇద్దరి మాటా మన్నించి ఉంటే కందిరీగలు ఎటూ ఎగిరిపోయేవి, ఎగరలేనిది నేనొక్కణ్ణే. అయినా రేషన్ షాపులో కిరసనాయిలు కనిపించి ఎన్నేళ్ళయింది? దోమల మందు కొట్టమని ఒక కుర్రాడన్నాడు. డబ్బా తిప్పి చూస్తే దానిమీద మంట బొమ్మ ఉంది. అంటే ఇదీ హెడ్మాస్టారి సలహాయే, కాస్త వాసన మంచిది.

కరెంటు ఆఫీసుకి వెళ్ళాను. "మీటరు మాదండీ, దానిమీద పెట్టె మీది, అందులో పురుగు మునిసిపాలిటీది" అని ఆస్తి పంపకాలు చేసి పంపించారు. మునిసిపాలిటీలో గుమస్తాగారు చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మరీ చెప్పాడు, దోమలు ఒక సెక్షనట, కుక్కలు ఒక సెక్షనట, కందిరీగని రాసుకోవడానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదట. ప్రైవేటు పురుగుల మందు కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. దూరం నుంచే పెట్టెకి ఫొటో తీసుకుని, చెదలకైతే గ్యారంటీ ఇస్తాం, బొద్దింకలకైతే ఏడాది కాంట్రాక్టు ఇస్తాం, వీటికి మాత్రం ఏమీ ఇవ్వలేం అన్నాడు. పోతూ పోతూ వంటింట్లోకి చూసి బొద్దింకలున్నాయా అని ఆశగా అడిగాడు. ఒక్కోసారి, ఆ పెట్టెలో పాము దూరినా బాగుండేదనిపిస్తుంది. పాములు పట్టేవాళ్ళకి ఫోన్ నంబరుంటుంది, పేపర్లో ఫొటో ఉంటుంది, పట్టాక చుట్టూ జనం చప్పట్లుంటాయి. కందిరీగల పట్టు తీసినవాడికి ఈ దేశంలో ఎవరైనా శాలువా కప్పారా?

ఇదిలా ఉండగా ఇంట్లోనూ ఒకటి చేరింది. ఇది వేరే జాతి. పట్టూ లేదు, పరివారమూ లేదు, ఒంటరిగా వచ్చి మట్టితో గూడు కట్టుకుపోయే రకం. పూజగదిలో లక్ష్మీదేవి పటం వెనక చిన్న కుండలాంటివి కట్టి వరసగా మూతులు మూసేసింది. వరలక్ష్మీ వ్రతానికి పటాలు తుడుద్దామని మా ఆవిడ నిచ్చెన వేసేసరికి బయటపడింది. నేను స్క్రూడ్రైవర్ తెస్తుంటే మా అత్తగారు అడ్డం పడ్డారు. "ముట్టుకోకండి బాబూ, కందిరీగ మట్టిగూడు పెడితే ఆ ఇంట్లో ఎవరో నీళ్ళోసుకుంటారు." ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆవిడ, రెండోవారు ఆవిడ కూతురు, మొన్ననే షష్టిపూర్తి పట్టుచీర ఎక్కడ కొనాలా అని ఆలోచిస్తున్న మనిషి. ఆ రాత్రి డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్ వెళ్ళింది. గంటసేపు కూరలూ వాతావరణమూ మాట్లాడి, చివర్లో "ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగారు. అది అమెరికా నుంచి కందిరీగల మీద మండిపడింది.

మర్నాడు మా తోడల్లుడు వచ్చాడు. రోజూ సాయంత్రం ప్రవచనానికి వెళ్తాడు కాబట్టి వాడికి ఏ పురుగును చూసినా వేదాంతమే. "అన్నయ్యా, ఇది భ్రమరకీటక న్యాయం. కందిరీగ ఒక పురుగుని తెచ్చి గూట్లో పెట్టి మూసేస్తుంది. ఆ పురుగు భయంతో రాత్రీ పగలూ కందిరీగనే తలుచుకుని తలుచుకుని, చివరికి తానే కందిరీగై రెక్కలతో బయటికొస్తుంది. జీవుడు దేవుణ్ణి ధ్యానించి దేవుడైపోవడం కూడా ఇంతే" అన్నాడు. తీసెయ్యదగ్గ మాట కాదు. భాగవతం పదకొండో స్కంధంలో యదు మహారాజుకి అవధూత చెప్పుకున్న 24 మంది గురువుల్లో ఈ కందిరీగ కూడా ఉంది. అంత గురువుగారి ఇంటిని స్క్రూడ్రైవర్‌తో పొడవడమేమిటని నేనూ వెనక్కి తగ్గాను. గురువుగారే దిగిరావాలనుకున్నారో ఏమో, తోడల్లుడు పటాన్ని గోడకి తగిలించబోతుంటే ఒక కుండ దానంతటదే రాలి పగిలింది.

లోపల ఆకుపచ్చ గొంగళిపురుగులు, అగ్గిపుల్లలో సగమంత, ఒకదానిమీద ఒకటి దొంతర పేర్చి ఉన్నాయి. చచ్చినవి కావు. పుల్లతో తాకితే ఒకదాని కాళ్ళు సన్నగా వణికాయి. కదలడానికి మాత్రం వాటికి శక్తి లేదు. వాటి మధ్య తెల్లగా, నున్నగా, కళ్ళూ కాళ్ళూ లేని మరో పిల్ల పురుగు ఒక గొంగళిపురుగు పక్కలో తల పెట్టి తింటోంది. సంగతేమిటంటే, తల్లి కందిరీగ వీటిని కుట్టి, చంపకుండా చచ్చుబడేలా చేసి తెచ్చి పేరుస్తుంది. చంపితే కుళ్ళిపోతాయి కదా, పిల్లకి తాజా భోజనం కావాలి. ఫ్రిజ్ లేని కాలం నుంచీ దానికిదే పద్ధతి. దగ్గరే ఒక గుడ్డు పెట్టి మూత వేసి వెళ్ళిపోతుంది, మళ్ళీ మొహం చూడదు. పిల్ల వీటన్నిటినీ తిని, గూట్లోనే రూపం మార్చుకుని, మూత కొరుక్కుని బయటికొస్తుంది. చూసేవాళ్ళకి, వెళ్ళింది గొంగళిపురుగు, వచ్చింది కందిరీగ. మధ్యలో ధ్యానం చేసిందెవరూ లేరు, భోజనం చేసిందొకటుంది.

తోడల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. "ఉపమానం వరకూ తీసుకోవాలి అన్నయ్యా" అన్నాడు చివరికి. నేను మాత్రం తేలిగ్గా తీసుకోలేకపోయాను. బ్యాంకులో సర్వీసంతా మేనేజరునే ధ్యానించిన వాణ్ణి. లేస్తే మేనేజరు, పడుకుంటే మేనేజరు, కలలో మేనేజరు. న్యాయం ప్రకారం నేను ఎప్పుడో మేనేజరునై ఎగిరిపోవాలి. ఎగిరిపోయింది వాళ్ళు, నన్ను తిని. ఆ మాటకొస్తే మన కార్పొరేట్ కాలేజీలు ఏం చేస్తున్నాయి? పదహారేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చి గదిలో పెట్టి మూసి, చెవిలో ర్యాంకు ర్యాంకు అని రొద పెడతారు. రెండేళ్ళయ్యాక తలుపు తీస్తే ర్యాంకు బయటికొస్తుంది, హోర్డింగు ఎక్కుతుంది. లోపలికి వెళ్ళిన పిల్లవాడు ఏమయ్యాడని అడిగే అలవాటు మనకి లేదు.

సరే, మీటరు సంగతికి వద్దాం. బిల్లు కట్టేది నేను గనక కిరాయిదార్లు ఎలాంటివాళ్ళో తెలుసుకుందామని రోజూ కిటికీలోంచి చూడటం మొదలుపెట్టాను. వరండాలో మేం ఎండకి కట్టుకున్న వెదురు తడికని గీకి, నమిలి, ఉమ్మితో కలిపి కాయితంలా పరిచి ఆ గదులు కడుతున్నాయి. అంటే ఇంటి సామాను కూడా నాదే. పట్టంతా ఒక్క సన్నటి కాడ మీద వేలాడుతోంది. మిట్టమధ్యాహ్నం తులసికోట పళ్ళెంలో నీళ్ళు నోట పట్టుకెళ్ళి గదులమీద చల్లి, రెక్కలతో విసురుతున్నాయి. మా ఇంట్లో ఏసీ వేసేముందు బిల్లు గుర్తొస్తుంది, వాటికా బాధ లేదు. పెరట్లో బెండ మొక్కలమీద గొంగళిపురుగుల్ని ఏరుకుపోతున్నాయి, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. అద్దె అనుకోవచ్చు.

వీటి దగ్గరి చుట్టాలమీదే బెంగళూరు ఐఐఎస్సీలో రాఘవేంద్ర గదగ్కర్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు పనిచేసి 2001లో ఒక పుస్తకమే వేశారు. ఆయన చూసినదాని ప్రకారం ఆ చుట్టాల పట్టులో రాణి మహా నెమ్మదస్తురాలు, ఎవరిమీదా పెత్తనం చెయ్యదు. ఆ రాణిని తీసేస్తే మాత్రం, అంతవరకూ నోట్లో నాలుక లేనట్టున్న ఒక కూలి ఈగ ఉన్నట్టుండి రెచ్చిపోయి అందరిమీదా పడుతుంది. కొద్దిరోజుల్లో అదే రాణి అవుతుంది, గుడ్లు పెడుతుంది, తనూ నెమ్మదిస్తుంది. మా కాలనీ సంఘంలో మొదటి సగం వరకే జరుగుతుంది.

ఒకరోజు పొద్దున్నే మా కష్టం గట్టెక్కే సూచన కనిపించింది. నల్లటి ఒళ్ళు, పొట్టమీద పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగ ఒకటి పెట్టెలో దూరింది. ఈ పెద్ద జాతికి చిన్నవాటి పట్టులో పిల్లలంటే ప్రాణం, తినడానికి. మావి ఒక్కటీ ఎదురు తిరగలేదు. అన్నీ బయటికొచ్చి గోడమీద గుంపుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాయి. అది గదిగదికీ తల దూర్చి తెల్లటి పిల్లల్ని లాగి, నమిలి, ముద్ద చేసి పట్టుకుపోతూ, మళ్ళీ వస్తూ, మధ్యాహ్నం దాకా అదే పని. నెల రోజులుగా వాటిని తిట్టిపోసిన మా ఆవిడ "పాపం కదండీ" అంది. సాయంత్రానికి పెట్టె ఖాళీ. పరుగున ఫోన్ చేస్తే రీడింగు అబ్బాయి, "ఈ నెల సైకిల్ అయిపోయింది సార్, వచ్చే నెలే" అన్నాడు. వచ్చే నెల దాకా ఆగే ఓపిక మీటరుకుంది, నాకుంది, కందిరీగలకే లేదు. వారం తిరక్కుండా అదే పెట్టెలో రెండో మూలన కొత్త కాడ వేలాడింది.

మా చిన్నప్పుడు పెంకుటింటి చూరుకి పట్టు పెడితే, అది పెట్టిన సంగతి మాకు తీసేశాకే తెలిసేది. రాత్రి అందరం నిద్రపోయాక నాన్న కంబళి కప్పుకుని కాగడాతో పని ముగించేవాడు. పొద్దున చూస్తే అరుగు మీద మసి, ఆయన చెవి వాచి రెండింతలు. అడిగితే "ఏముందిరా" అనేవాడు. భయం ఆయనకీ ఉండే ఉంటుంది. అప్పుడాయన ఇప్పటి మా అబ్బాయి కన్నా చిన్నవాడు. ఈమధ్య వరండాలో ఏది గుయ్యిమన్నా ఇంట్లో అందరూ నా వైపు చూస్తున్నారు. నేను చూద్దామంటే నా వెనక ఎవరూ లేరు.

నాన్న చెవికి మా నాయనమ్మ ఇనప తాళంచెవి రుద్దేది. తమలపాకు సున్నం రాసేవాళ్ళు, ఉల్లిపాయ రుద్దేవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్క ఈగ కుట్టి ఊరుకుంటే ఇవన్నీ చేసుకోండి, కాలక్షేపం. ఐసు పెడితే ఇంకా మేలు. కానీ తేనెటీగలాగా ఇది ముల్లు వదిలేసి పోయే రకం కాదు, ఒకటే ఎన్నిసార్లయినా కుడుతుంది, గుంపుకి కబురూ పెడుతుంది. పదుల్లో కుట్టించుకున్నవాళ్ళకి ఆ విషంతో మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కొందరికి ఒక్క కాటుకే మొహం వాచి, ఊపిరాడక, కళ్ళు తిరుగుతాయి. వాళ్ళకి నిమిషాల్లో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. కాబట్టి అలాంటివాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి తాళంచెవి వెతక్కండి. బండి తాళం వెతకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.