అగ్నిదేవుల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అగ్నిదేవుల వారి దివ్యసముఖానికి, ఆగ్నేయమూల వంటగదిలో తమరి చలవతో నాలుగు మెతుకులు ఉడికించుకుని బతుకుతున్న ఒక గృహస్థు చేసుకునే విన్నపం.

విషయం: రానున్న భోగినాడు తమకు సమర్పించబోయే పాత సామాన్లలో కొన్నిటిని పుచ్చుకోకుండా తిప్పి పంపవలసిందిగా కోరుట గురించి.

అయ్యా,

సంక్రాంతి నాలుగు రోజులుందనగా మా ఇళ్లలో అటకలు ఖాళీ అవుతాయి. ఎప్పటికైనా పనికొస్తుందని ఏడాది పొడుగునా పైకెక్కించినవన్నీ, ఇన్నాళ్లూ ఎందుకు దాచామర్రా అనుకుంటూ ఒక్క పూటలో కిందికి దించుతాం. దించినవాటికి మా పెద్దలు తమరి దారి చూపించారు. పాతది మంటలో వేస్తే పీడ పోతుందన్నారు. వాళ్ల మాటలో తప్పేం లేదు. వాళ్ల ఇళ్లలో పాతదంటే విరిగిన మంచంకోడు, పుచ్చిన ద్వారబంధం, ఈనెలరిగిన చీపురు, అడుగూడిన చేట, చిరిగిన తాటాకు చాప. అన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే. తమరు ముట్టుకుంటే పిడికెడు బూడిదై మళ్లీ పాదుల్లోకే పోయేవి.

మా ఇళ్లలో పాతదంటే ఏమిటో కూడా చిత్తగించండి. కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. పొలుసులు రాలే రెక్సిన్ సోఫా. నడుమ గుంటపడిన ఫోమ్ పరుపు. చుట్టచుట్టిన కేబుల్ వైరు. కిందటి ఎన్నికల ఫ్లెక్సీ, గెలిచినాయనదో ఓడినాయనదో ఇప్పుడు మొహం పోల్చుకోలేం. పైన ఒక సైకిల్ టైరు, మంట బాగా లేవడానికి.

తమరు సర్వభక్షకులని తెలుసు. ఆ బిరుదు కోరి తెచ్చుకున్నది కాదనీ తెలుసు. రాక్షసుడు అడిగితే నిజం చెప్పిన పాపానికి భృగుమహర్షి పెట్టిన శాపం అది. తమరు అలిగి కూర్చుంటే బ్రహ్మగారు బతిమాలి, తమరు తాకిందల్లా పవిత్రమయ్యేటట్టు సవరణ జీవో ఇచ్చారు. మావాళ్లు ఆ జీవో పట్టుకునే టైర్లు మోసుకొస్తున్నారు. ఆ నాటికి రెక్సిన్‌లో, ఫ్లెక్సీలో ఉండే పీవీసీ ప్లాస్టిక్కు లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. శ్వేతకి మహారాజు పన్నెండేళ్లు ధారగా పోసిన నెయ్యికే తమరికి అజీర్తి చేసి, మందు కింద ఖాండవవనాన్ని తినాల్సి వచ్చింది కదా. నెయ్యే అరగని కడుపుకి రెక్సిన్ ఎలా అరుగుతుంది స్వామీ?

అరగదు. వీధి మంట వేడికి పీవీసీ సగం సగమే కాలి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని, డయాక్సిన్లను వదులుతుంది. ఫోమ్ పరుపు కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. జనవరి తెల్లవారుజామున నేలనంటిన గాలి చల్లగా, దాని పైగాలి వెచ్చగా ఉంటుంది కనుక పొగ పైకి పోయే దారి దొరకదు. తమరి ప్రాణస్నేహితులు వాయుదేవుల వారు కూడా ఆ వేళకింకా లేవరు. 2018 భోగినాడు చెన్నైలో పొగా మంచూ కలిసి కమ్ముకుంటే విమానాలను దారి మళ్లించాల్సి వచ్చింది. విమానాలకైతే వేరే ఊరు దొరుకుతుంది. మంటకు అందరికన్నా దగ్గరగా నిలబడేది పిడకల దండ పట్టుకున్న పిల్లలు. ఆ మంట మీద కాచిన నీళ్లతోనే వాళ్లకు తలంట్లు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. చెత్తను ఆరుబయట కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. ఆ ఏడాది డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ కాల్చినవాళ్లకు 5,000 రూపాయలు, భారీగా కాల్చితే 25,000 జరిమానా అంది. కానీ భోగినాడు చలానా రాయడానికి వచ్చిన ఉద్యోగి మా వీధిలో కాసేపు చలి కాచుకుని, రెండు గారెలు తిని, పండగ శుభాకాంక్షలు చెప్పి వెళ్తాడని నా గట్టి నమ్మకం. అందుకే మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా తమకే రాస్తున్నాను.

కాల్చకపోతే ఏం చెయ్యమంటావని మావాళ్లు నా మీదికి వస్తారు. అదే చెప్పబోతున్నాను. ఇల్లు సర్దడమంటే గుమ్మం దాటించడమేనని మనకో భ్రమ. గుమ్మం దాటిన పరుపు ఏ జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకో, కాపులుప్పాడకో చేరుతుంది. అక్కడా ఇళ్లున్నాయి, వాటికీ గుమ్మాలున్నాయి. దాటించడం కాదు, అందించాలి. మా ఊళ్లలో దాదాపు ప్రతి పాత వస్తువునూ అందుకునే చెయ్యి ఒకటుంది.

పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడనే చూడండి. గంప దించి, గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. చీర అంచు రెండు వేళ్ల మధ్య రాపాడిస్తుంది. ప్యాంటు జిప్పు లాగి చూస్తుంది. చొక్కా కాలరు తిరగేసి, చంకల దగ్గర వెలుతురుకి ఎత్తి చూసి, “ఇది పోదమ్మా” అని పక్కకు తోస్తుంది. ఏరిన గుట్టకు ఒక బేసిను ఇస్తానంటుంది. మా ఇంటావిడ ఆ పక్కనున్న తపేలా చూపిస్తుంది. అరగంట బేరం తర్వాత బేసినే మిగులుతుంది, మీదొక గరిటె. ఏ బట్టకు ఇంకో బతుకుందో, దేనికి లేదో చెప్పగలిగిన నిపుణులు ఆవిడను మించి నాకు కనపడలేదు. ఆవిడ పక్కకు తోసిన గుట్టను మూట కట్టి, అనాథాశ్రమంలో ఇచ్చేద్దాం పుణ్యం వస్తుందనుకోవడం మా జబ్బు. బేసినుకే చాలని చొక్కా పిల్లవాడి ఒంటికెలా చాలుతుంది? నూలుదైతే మసిగుడ్డ చేసుకోవాలి, మెత్తటి చీరలైతే బొంత కుట్టించుకోవాలి.

ఇనుమూ ప్లాస్టిక్కూ అయితే మైకు పెట్టుకుని తిరిగే బండివాడున్నాడు. ఆ తక్కెడ మీద మనకు అనుమానమే కానీ, విరిగిన కుర్చీని తమరి కంటే వాడే మర్యాదగా చూస్తాడు. పుస్తకాలను మాత్రం వాడికి తూకానికి వెయ్యకండని మావాళ్లతో పోట్లాడుతూ ఉంటాను. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు, విజయవాడలో లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణాలు అందుకే ఉన్నాయి. తాతగారి పాత పత్రికల కట్టలుంటే 1918 నుంచీ నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాన్ని ముందు అడిగి చూడాలి. ఇక చిల్లుపడిన ఇత్తడి బిందె అజ్జరం లాంటి ఊరు చేరితే కరిగి కొత్త బిందె అవుతుంది. అదీ తమరి చేతుల మీదుగానే. తమరి హోదాకు తగిన ఉద్యోగం అది.

చచ్చిన ఫోన్లూ ఛార్జర్లూ ప్రతి ఇంట్లో ఒక సొరుగు నిండా ఉంటాయి. ఈ-వ్యర్థాలను రీసైకిల్ చేయించే పూచీ తయారీదార్లదేనని 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు చెబుతున్నాయి. అవి రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. రాగి కోసం వైర్లను తమకు నైవేద్యం పెట్టేవాళ్లకు, ఉబ్బిన బ్యాటరీని మంటలో పడేసేవాళ్లకు తమరే బుద్ధి చెప్పాలి. బ్యాటరీ ఎలాగూ పేలి చెబుతుందనుకోండి. గడువు తీరిన మందులు, పాదరసమున్న పాత సీఎఫ్ఎల్ బల్బులు చెత్త ఆటోకి విడిగా ఇవ్వాలి.

దేవుడి పటాల సంగతి తమకు సాటి శాఖ వ్యవహారం. ఊరూరా రావిచెట్టు కింద ఆనుకుని కూర్చున్న పటాలను తమరు చూసే ఉంటారు. అద్దం విడిగా, ఫ్రేము విడిగా తీసి కాగితం ఒక్కటీ తమకు అప్పగిస్తే ఏ దేవుడూ నొచ్చుకోడు.

మా వీధిలో ఒక ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఉంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఎవరింటి నుంచో బయల్దేరి, అట్లతద్దికి ఒకరింట, సీమంతానికి ఇంకొకరింట మజిలీ చేసి, సంక్రాంతి పేరంటానికి మా ఇంటికి చేరుతుంది. ఎవరూ కుట్టించుకోరు, ఎవరూ పారెయ్యరు. వృథా లేని జీవనం అంటే ఇదేనని నేనూ మొదట మురిసిపోయాను. ఆలోచిస్తే అది కాళ్లొచ్చిన చెత్త. ఎవరికీ అక్కర్లేనిది ఇవ్వడం మానేస్తే పోయేది. సన్మానాల్లో ఇచ్చే జ్ఞాపికకు ఆ కాళ్లు కూడా లేవు, మీద పేరూ తేదీ చెక్కి ఉంటాయి గనక.

చివరికి మిగిలేది ఫోమ్ పరుపు. దూది పరుపైతే ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. దీన్ని బండివాడు ముట్టుకోడు, స్టీలావిడ చూడనైనా చూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి తీశాక వీధుల్లో గుట్టలు పడిన పరుపులను చూస్తేగానీ ఒక ఊళ్లో ఇన్ని ఉంటాయని తెలియలేదు. కొత్తది అమ్మే దుకాణదారు పాతది తీసుకెళ్తానంటాడు. ఎక్కడికి బాబూ అంటే, “అదంతా మీకెందుకు సార్” అంటాడు. దానికి నా దగ్గర మందు లేదు. ఉన్నది పాడవకుండా వాడుకోవడం, కొనేముందు పాతదాని గతి ఏమిటో వాడి నోట చెప్పించడం తప్ప.

కాబట్టి తమరికి రెండు మనవులు. సంక్రాంతికి నెల ముందు, నెలగంట పెట్టిన రోజునే మా వంటింట్లో ఒకసారి గుప్పుమని గుర్తుచెయ్యండి. రోజుకో పెట్టె దించుకుంటే స్టీలావిడ వచ్చే రోజూ, లైబ్రరీ తెరిచే వేళా కుదురుతాయి. ఆఖరి రాత్రి దించినవే తమరి నోట్లో పడుతున్నాయి. రెండోది, భోగినాడు కట్టె, పిడక, తాటాకు, కొబ్బరి మట్ట సుఖంగా ఆరగించండి. రెక్సిన్ పడిందంటే మాత్రం ఠక్కున చల్లారిపోండి. చలికి వణుకుతూ మావాళ్లే దాన్ని కర్రతో బయటికి లాగుతారు.

ఇట్లు,
తమరి వెచ్చదనం కోరే గృహస్థు

నకళ్లు:
వాయుదేవుల వారికి, సమాచారం నిమిత్తం.
వరుణదేవుల వారికి. పంటకాలువ తూములో ఇరుక్కున్న పరుపు విషయమై వేరే అర్జీ పంపుకుంటున్నాను.
స్వాహాదేవి గారికి. పై మనవులు ఇంట్లో ఒకసారి గుర్తుచేయవలసిందిగా ప్రార్థన.