ఒక డిటెక్టివు కారు ఆత్మకథ

నేనొక కారును. బీయండబ్ల్యూ వారి కర్మాగారమున పుట్టిన నా జాతివారికి ఉక్కు శరీరము. నాకు అక్షరములే శరీరము. ‘ది కోల్డ్ కోల్డ్ గ్రౌండ్’ అను నవలతో 2012లో మొదలైన అపరాధపరిశోధక కథావళి నా జన్మస్థానము. దానిని రచించిన ఏడ్రియన్ మెకింటీ ఉత్తర ఐర్లండులోని కారిక్‌ఫెర్గస్‌లో పెరిగినవాడగుటచేత, సముద్రపుటొడ్డున పురాతనదుర్గము గల ఆ చిన్నపట్టణమందు, కారొనేషన్ రోడ్డులో, నా యజమాని యింటిముందు నిలిచి 1981 నాటి వానలలో తడియుట నాకు ప్రాప్తించినది.

నా యజమాని షాన్ డఫీ పోలీసు డిటెక్టివు. ప్రాతఃకాలమున తాళపుచెవి చేతబట్టి వచ్చి, తలుపు తెరువకమునుపే వంగి, నా అడుగున పాదరసపు బాంబు గలదేమోయని పరికించుట ఆతని నిత్యవిధి. చిన్న గొట్టములోని పాదరసము, బండి మిట్ట నెక్కగానే ఒక ప్రక్కకు ఒరిగి, రెండు తీగెలను కలిపి, మందును ప్రేల్చును. ఇది కథకుని కల్పన కాదు; 1979 మార్చి 30వ తేదీన, లండనులో, పార్లమెంటు భవనపు కార్లశాలనుండి పైకి వచ్చుచుండగా ఎయిరీ నీవ్ అను సభ్యుడు ఇట్టి బాంబుచేతనే హతుడయ్యెను.

నా యజమాని కాథలిక్కు, ఇరుగుపొరుగులు ప్రొటెస్టెంట్లు, ఆతడు కొలువుచేయు రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ అను పోలీసుదళములో కాథలిక్కులు మిక్కిలి కొలదిమంది. తనవారిలో పలువురకు ద్రోహిగను, తోడి యుద్యోగులకు పరాయిగను తోచుచు, ఆ రెంటినడుమ ఆతడు దినములు గడుపుచుండెను. 1981 మే 5వ తేదీన, 66 దినముల నిరశనానంతరము, బ్రిటిషు పాలన నెదిరించిన కాథలిక్కు ఖైదీ బాబీ శాండ్స్ కారాగారమున మరణించెను. అక్టోబరులో తోడి ఖైదీల దీక్ష ముగియులోపల మరి తొమ్మండుగురు ప్రాణములు విడిచిరి. వీథులలో రాళ్లును, మండుచున్న పెట్రోలు సీసాలును ఎగిరెను.

అట్టి కాలమున, స్వార్థముచేతనో పగచేతనో ఒకనిని చంపదలచినవానికి, మతకలహమే మంచి మరుగు. మృతుడు ఏ మతమువాడో తెలిసినంతనే, చంపినది ఎదుటిపక్షమని తేల్చుకొని లోకము తన పనికి తాను పోవును. నా యజమాని పోడు. “చంపినదెవడు?” అను ఒక్క ప్రశ్నను పట్టుకొని, ఎవరి వాడలోనికైనను, ఎవరి గుమ్మమునకైనను నన్ను నడపుకొనిపోవును. ఆ ప్రశ్న వేసినప్పుడే, పక్షపు లెక్కలో ఒక అంకెగా మిగిలిన మృతుడు మరల ఒక తల్లి బిడ్డ యగును. అపరాధపరిశోధక నవలను కాలక్షేపమని తేలికచేయువారు, ఇట్టి దేశకాలములలో అది నెరవేర్చు ధర్మమును చూడవలెనని నా మనవి.

1998 ఏప్రిల్ 10వ తేదీన, ఆ కలహమును ముగించుటకై, గుడ్ ఫ్రైడే ఒడంబడిక కుదిరినది. అప్పటికి మూడు దశాబ్దములలో అందు 3,500 మందికి దగ్గరగా మరణించియుండిరి. నా కథలో, ఎంత ఆలస్యమైనను, హంతకుడెవడో తెలియును. ఆ వీథులలో నిజముగా హతులైనవారిలో ఎందరి హంతకులో నేటికిని న్యాయస్థానము నెదుట నిలువలేదు.