మూడు పాయింట్ల అబ్బాయి

మారేడ్‌పల్లి, పద్మారావునగర్, తార్నాక వైపు ఈమధ్య వీధికొకడు తేలుతున్నాడు. ఇంజినీరింగ్ చదివి, మూడు నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, బ్యాంకు లోనుతో బిజినెస్ స్కూల్‌కి వెళ్ళి, కన్సల్టెంటై ఇంటికొచ్చిన కుర్రాడు. గుర్తుపట్టడం తేలిక. ఏమడిగినా "మూడు విషయాలండీ" అంటూ మూడు వేళ్ళు ఎత్తుతాడు. కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగినా అంతే. రెండోది చెప్పేసరికి మూడోది గుర్తు రాదు. అయినా వేలు మాత్రం దించడు.

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కూ ఒకడు దక్కాడు. తండ్రి రైల్ నిలయంలో అకౌంట్స్ చూసి రిటైరైన మనిషి, తల్లి గృహిణి, పైన బామ్మ.

చదువు కోసం దూరాలు పోయాడనుకునేరు. ఊరి ఆ చివరే. మెకిన్సీ కంపెనీకి 1994లో అధిపతైన రజత్ గుప్తా, ఇంకొందరు పెద్దలు పూనుకుంటే 2001లో గచ్చిబౌలిలో ఐఎస్‌బీ వెలిసింది. చాలా చోట్ల రెండేళ్ళు పట్టే చదువు అక్కడ ఏడాదిలో అయిపోతుంది. ఆ ఏడాదిలోనూ మనవాడికి సగం కాలం 'కేసు'లకే సరిపోయింది. కోర్టు కేసులనుకుని బామ్మ మొదట్లో వెంకన్నకు ముడుపు కట్టింది. తీరా చూస్తే అవి ఇంటర్వ్యూ ప్రశ్నలు. "నగరంలో రోజుకు ఎన్ని ఉస్మానియా బిస్కెట్లు అమ్ముడవుతాయి?" అంటారట. గూగుల్ చూడకూడదు, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్‌కి వెళ్ళి గల్లా మీద కూర్చున్నాయన్ని అడగకూడదు. జనాభాతో మొదలుపెట్టి, పళ్ళు లేనివాళ్ళను తీసేసి, షుగరున్నవాళ్ళను సగం చేసి గుణించుకుంటూ పోవాలి. దారి బాగుంటే చాలు, జవాబు తప్పినా పరవాలేదట. పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా ఆఫీసులో కూర్చున్న తండ్రికి ఈ మాట విన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఉద్యోగం మాత్రం వచ్చింది. ఎక్కడంటే విమానంలో అని చెప్పాలి. సోమవారం కోడి కూయకముందే క్యాబు. ఇదివరకైతే బేగంపేట విమానాశ్రయం పక్కవీధి లెక్క. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాక మారేడ్‌పల్లివాళ్ళకు ఆ భోగం పోయింది. గురువారం రాత్రి తిరిగొస్తాడు, సంచినిండా హోటల్ సబ్బులు, షాంపూ బుడ్లు. వాటిని వాళ్ళమ్మ వరలక్ష్మీవ్రతం నాడు పేరంటాళ్ళకు తాంబూలంతో పాటు ఇచ్చింది.

"ఇంతకీ ఏం పన్రా నీది?" అంది ఓ రోజు బామ్మ.

"సిమెంటు కంపెనీకి సలహాలు చెబుతున్నాను."

"నీకు సిమెంటు గురించి తెలుసా?"

"తెలియక్కర్లేదు బామ్మా. వాళ్ళకి తెలుసుగా."

బామ్మ కాసేపు ఆలోచించింది. "మీ తాతయ్య ఊరందరికీ సలహాలు చెప్పేవాడురా. ఒక్కడూ కాఫీ కూడా పోయించలేదు."

ఇంట్లో వంట కూడా వాడికి 'మీసీ'గా ఉండాలి. మెకిన్సీలో బార్బరా మింటో అనే ఆవిడ నేర్పిన పద్ధతి అది. ఏ విషయాన్నైనా ముక్కలు చేస్తే ఒకదాన్నొకటి తాకకూడదు, ఏదీ మిగిలిపోకూడదు. ఆ లెక్కన పప్పు, పప్పుచారు, సాంబారు ఒకేరోజు చేయడం నేరం. మూడింట్లోనూ కందిపప్పే ఉందని తల్లికి వివరించాడు. మర్నాడు ఆవిడ మూడూ మానేసి ఊరగాయ వేసింది. దేన్నీ తాకలేదు, ఏమీ మిగల్లేదు.

అయితే వాడి ప్రతాపం చూడాలంటే మా అసోసియేషన్ మీటింగులోనే చూడాలి. వేసవిలో ట్యాంకర్ల ఖర్చు భరించలేక, చదువుకున్న కుర్రాడు కదా అని నీళ్ళ సమస్య వాడికి అప్పగించాం. పదిరోజుల తర్వాత సెల్లార్లో తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టాడు. ఇరవై రెండు స్లైడ్లు. మొదటి ఆరింటిలో ప్రపంచంలో నీటి కొరత. ఏడోదాంట్లో నాలుగు గళ్ళ బొమ్మ. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు 1970లో కంపెనీల కోసం తయారుచేసిన పటం అది. ఏ వ్యాపారం నక్షత్రం, ఏది పాడి ఆవు, ఏది ప్రశ్నార్థకం, ఏది కుక్క అని తేలుస్తుంది. మనవాడు వ్యాపారాల స్థానంలో ఫ్లాట్లు పెట్టాడు. ఎవరు నీళ్ళెంత వాడుతున్నారు, మెయింటెనెన్స్ ఎంత కడుతున్నారు అన్నది లెక్క.

రెండో అంతస్తు ఆంటీ ఆవని తేలింది. గోమాత కదా అని ఊరుకున్నారు. మూడో అంతస్తు రిటైర్డ్ స్టేషన్ మాస్టరుగారు కుక్క గడిలో పడ్డారు. ఆయన లేచి నిలబడి, "నీ అక్షరాభ్యాసానికి పలక కొన్నది నేను! నన్ను కుక్కంటావా?" అన్నారు. "అంకుల్, అది మిమ్మల్ని కాదు, 302ని" అన్నాడు మనవాడు. ముప్పావుగంట పట్టింది ఆయన్ని కూర్చోబెట్టడానికి.

పద్నాలుగో స్లైడులో అసలు విషయం బయటపడింది. సంపు దగ్గర వాల్వు కారుతోంది, నీళ్ళు డ్రైనేజీలోకి పోతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ప్లంబర్‌ని పిలవాలని అప్పటికప్పుడే తీర్మానం. వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డ వాచ్‌మన్ మెల్లగా అన్నాడు: "సంక్రాంతి సంది నేను గదే చెప్తున్న సార్. ఎవ్వలింటలేరు."

స్లైడు కింద చిన్న అక్షరాల్లో 'క్షేత్రస్థాయి ఇంటర్వ్యూ' అని ఉన్నది వాచ్‌మన్‌తోనే. కన్సల్టెంట్ల మీద అమెరికాలో పాత జోకు ఒకటుంది. మన చేతి గడియారం అడిగి తీసుకుని, మనకే టైము చెప్పి, గడియారంతో సహా వెళ్ళిపోతాడని. ఇక్కడ గడియారం వాచ్‌మన్‌ది. దాన్ని ఐదు నెలలు చూడనిది మేము. దుప్పటి మీద వెలుగులో కనబడితే తప్ప నమ్మనిదీ మేమే. ఆ కుర్రాణ్ణి ఎగతాళి చేయడం తేలిక గానీ, పెద్ద పెద్ద కంపెనీలు లక్షలు పోసి కొనుక్కునేది ఇదేనని నా అనుమానం. గుమాస్తా చెబితే ఫిర్యాదు, బయటివాడు సూటు వేసుకుని చెబితే వ్యూహం.

నాకు వాడితో పేచీ వేరేచోట ఉంది. పోయిన ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం టీవీలో చూస్తున్నాం. పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆవిడ వానలు, పంటలు, రోగాల సంగతి చెబుతోంది. బోనాల కోసం ఆ సోమవారం ఆగిపోయిన మనవాడు ఫోన్లోంచి తలెత్తి, "ఇందులో నంబర్లు లేవు, టైమ్‌లైన్ లేదు" అన్నాడు.

బామ్మ కళ్ళజోడు సర్దుకుంది. "వచ్చే ఏడాది కూడా ఆ గుళ్ళోనే, ఈ జనం ముందే నిలబడాలిరా. నీ సిమెంటు వాళ్ళకి వచ్చే ఏడాది నువ్వెక్కడ దొరుకుతావు?"

"మాది పన్నెండు వారాల ప్రాజెక్టు బామ్మా."

ఈ పన్నెండు వారాల బాపతు మన రాష్ట్రానికీ అనుభవమే. మెకిన్సీ సాయంతో తయారైన 'విజన్ 2020'ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో విడుదల చేసింది. 2014లో రాష్ట్రం రెండైంది. 2020లో అందరం మూతికి గుడ్డ కట్టుకుని ఇళ్ళలో కూర్చున్నాం. రెండూ ఆ విజన్‌కు అందలేదు. ఎవరి ఊహకూ అందేవి కావు, ఒప్పుకుంటాను. అందినవి ఎన్ని, అందనివి ఎన్ని అని రాసినవాళ్ళను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు. సలహా ఇచ్చినవాడు ఫలితం నాటికి ఊళ్ళో ఉండనక్కర్లేని వృత్తి అది. మా ప్లంబరుకు ఆ సౌకర్యం లేదు. వాల్వు మళ్ళీ కారితే రాత్రి పదకొండింటికైనా వచ్చి తీరాలి.

కొత్తవాళ్ళ పాట్లూ తక్కువేం కావు. 'పైకెక్కు, లేదా బయటికి నడు' అన్నది ఈ పెద్ద కంపెనీల్లో పాత ఆచారం. రెండు మూడేళ్ళలో ప్రమోషన్ రాకపోతే మర్యాదగా సాగనంపుతారు. రాత్రి రెండింటికి బాణం గుర్తు రంగు మార్చమని పైవాడు మెసేజ్ పెడితే లేచి మార్చాల్సిందే. నెల తిరిగేసరికి లోను వాయిదా సిద్ధం. అందుకే వాళ్ళమ్మ సంబంధాలు తొందరగా చూస్తోంది.

అమ్మాయి ఉన్నవాళ్ళకు ఒక మాట. కుర్రాడు బుద్ధిమంతుడు, కష్టపడతాడు, పెద్దలంటే గౌరవం ఉంది. పెళ్ళిచూపులు మాత్రం శనివారమే పెట్టుకోండి. శుక్రవారం నిద్రపోతాడు, ఆదివారం సాయంత్రానికి మళ్ళీ పెట్టె సర్దుకుంటాడు.